బోటు లాగడానికి ఏ బండి సరిపోతుంది? బ్రోషర్‌లో కనిపించని లెక్క

క్లుప్తంగా: అమెరికాలో బోటు కొనేవాళ్లు ముందుగా చూసేది తమ బండి లాగే సామర్థ్యం ఎంతన్నది. చాలా కుటుంబాల విషయంలో ఆ అంకె దాకా వెళ్లకముందే బండి మోయగల బరువు, అంటే పేలోడ్, అయిపోతుంది. బోటు బ్రోషర్‌లో రాసిన బరువు కూడా రోడ్డు మీదికి వచ్చేసరికి ఒకటిన్నర రెట్లు అవుతుంది. అందుకే లెక్క బండి దగ్గర కాకుండా బోటు నిండు బరువు దగ్గర మొదలుపెట్టాలి. తర్వాత ట్రైలర్, చివరికి బండి.

డాలస్ చుట్టుపక్కల ఉండే తెలుగువాళ్లకు లూయిస్‌విల్, గ్రేప్‌వైన్, రే రాబర్ట్స్ సరస్సులు, అట్లాంటా వాళ్లకు లేక్ లేనియర్, షార్లెట్ వాళ్లకు లేక్ నార్మన్ అందుబాటు దూరంలోనే ఉన్నాయి. వేసవిలో అద్దె బోటుతో మొదలైన సరదా సొంత బోటు దాకా వెళ్లడం కొత్తేమీ కాదు. అప్పుడు వచ్చే మొదటి ప్రశ్న ఒకటే: ఇంట్లో ఉన్న హైలాండరో, ఒడిస్సీయో, మోడల్ వై కారో దీన్ని లాగుతుందా?

అమ్మేవాళ్ల దగ్గర దీనికి "లాగేస్తుంది" అన్న జవాబు సిద్ధంగా ఉంటుంది. అది అబద్ధం కూడా కాదు. ఇంజిన్ లాగుతుంది. కానీ వెనక నుంచి తోసుకొచ్చే బరువును ఆపగలదా, గంటకు 65 మైళ్ల వేగంలో నిలకడగా ఉండగలదా, వెనక ఇరుసు ఆ బరువు మోయగలదా, ఎండలో గేర్‌బాక్స్ వేడెక్కకుండా ఉంటుందా అన్నవి వేరే ప్రశ్నలు. మన ఊళ్లలో ట్రైలర్ అంటే ట్రాక్టర్ వెనక ట్రాలీ, అదీ నెమ్మదిగా పోయేది. ఫ్రీవే మీద బోటు లాగడానికి ఆ అనుభవం పెద్దగా పనికిరాదు.

బోటు అసలు బరువు

బోటు వివరాల పట్టికలో ఉండేది డ్రై వెయిట్. అందులో ఇంధనం ఉండదు, సామాను ఉండదు, ట్రైలర్ ఉండదు. ఔట్‌బోర్డ్ మోటారు, అంటే బోటు వెనక బయట తగిలించే ఇంజిన్, పెట్టే బోట్లకు కొన్నిసార్లు ఇంజిన్ బరువు కూడా కలపరు. 150 హార్స్‌పవర్ ఔట్‌బోర్డ్ ఒక్కటే 450 పౌండ్లకు పైగా ఉంటుంది.

ఒక మామూలు 20 అడుగుల బౌరైడర్ (ముందు భాగంలో కూడా సీట్లుండే బోటు) డ్రై వెయిట్ 3,000 పౌండ్లు అనుకుందాం. 40 గ్యాలన్ల గ్యాస్ (పెట్రోలు) పోస్తే, గ్యాలన్‌కు సుమారు 6 పౌండ్ల చొప్పున 240 పౌండ్లు. బ్యాటరీలు, లంగరు, తాళ్లు, లైఫ్ జాకెట్లు, ట్యూబులు, కూలర్ కలిపి 250. ట్రైలర్ 950. మొత్తం 4,440 పౌండ్లు. 3,000 అని చదివి కొన్న బోటు రోడ్డెక్కేసరికి రెండు టన్నులు దాటింది.

పాత బోటు అయితే కొన్నేళ్లుగా చేరిన సామానుతో, తడిసిన ఫోమ్‌తో బరువు ఇంకా పెరిగి ఉండొచ్చు. దీనికి నమ్మదగిన మందు తూకమే. హైవేల పక్కన ట్రక్ స్టాపుల్లో ఉండే తూకం మీద కొద్దిపాటి ఖర్చుతో బండిని, ట్రైలర్‌ను ఇరుసుల వారీగా తూచుకోవచ్చు. సెకండ్‌హ్యాండ్ బోటు బేరం ఆడేటప్పుడు తూకం చీటీ అడిగేవాళ్లు మాత్రం అరుదు.

లాగే సామర్థ్యం ఎలా తేలుస్తారు

ఒకప్పుడు ఈ అంకెను ఏ కంపెనీకి ఆ కంపెనీ తన పద్ధతిలో తేల్చుకునేది. పికప్ ట్రక్కుల అమ్మకాల పోటీలో అది పెరుగుతూ పోయింది. అందరికీ ఒకే పరీక్ష ఉండాలని 2008లో వాహన ఇంజినీర్ల సంస్థ ఎస్‌ఏఈ జె2807 అనే ప్రమాణం తెచ్చింది. 2011 మోడల్ టండ్రాతో టయోటా దాన్ని ముందుగా పాటించింది, దాంతో ఆ ట్రక్కు రేటింగ్ కొన్ని వందల పౌండ్లు తగ్గింది. పోటీదారులు పాత అంకెలతోనే ప్రకటనలు ఇస్తుంటే తానొక్కటే తగ్గించుకోవడం ఏ కంపెనీకైనా చేదు మాత్రే. ఫోర్డ్, జీఎం, రామ్ పికప్‌లు ఈ దారికి రావడానికి 2015 మోడళ్ల వరకు పట్టింది.

ఆ పరీక్షలో కష్టమైన భాగం అరిజోనాలోని డేవిస్ డ్యామ్ దగ్గర ఎక్కుడు రోడ్డు. సుమారు 11 మైళ్ల పొడవునా ఎక్కుతూనే ఉండాలి. బయట కనీసం 100 డిగ్రీల ఫారెన్‌హీట్ ఎండ ఉండాలి, ఏసీ పూర్తిగా వేసి ఉండాలి, మామూలు బళ్ల వేగం గంటకు 40 మైళ్ల కంటే తగ్గకూడదు. ఇది కాక 12 శాతం వాలు మీద ఆగి ఉన్నచోటు నుంచి మళ్లీ మళ్లీ కదలగలగాలి.

పరీక్ష గట్టిదే. అయితే ఆ సమయంలో బండిలో ఉన్నట్టు లెక్కించేది డ్రైవర్, ఇంకొకరు. ఒక్కొక్కరు 150 పౌండ్లు. సరస్సుకు వెళ్లే తెలుగు కుటుంబం అలా ఇద్దరితో బయల్దేరదు కదా. అసలు చిక్కు అక్కడే ఉంది.

డోరు పక్కన అంటించిన స్టిక్కర్

డ్రైవర్ డోరు తెరిస్తే పక్క స్తంభం మీద టైర్ల గాలి వివరాలతో ఒక స్టిక్కర్ కనిపిస్తుంది. మనుషులు, సామాను కలిపి బరువు ఎప్పుడూ ఇన్ని కిలోలు లేదా ఇన్ని పౌండ్లు దాటకూడదని అందులో ఉంటుంది. అదే పేలోడ్. ఒకే మోడల్ బళ్లు రెంటికి కూడా ఇది వేరుగా ఉండొచ్చు. పెద్ద సన్‌రూఫ్, ఆల్ వీల్ డ్రైవ్, మూడో వరస సీట్లు, ఇవన్నీ అందులోంచి తీసేసేవే. కాబట్టి ఇంటర్నెట్‌లో కనిపించే అంకె కాదు, ఆ ఫలానా బండి స్టిక్కర్ చూడాలి.

ట్రైలర్ ముందు కొన హిచ్ మీద, అంటే బండి వెనక ట్రైలర్ తగిలించే కొక్కెం మీద, మోపే బరువును టంగ్ వెయిట్ అంటారు. ఆ బరువు పూర్తిగా పేలోడ్‌లోకే వస్తుంది. పైన చెప్పిన 4,440 పౌండ్లలో పది శాతం అనుకుంటే 444. ఇప్పుడు 5,000 పౌండ్లు లాగగలదని రేటింగ్ ఉన్న మూడు వరసల ఎస్‌యూవీని తీసుకుందాం, స్టిక్కర్ మీద పేలోడ్ 1,300. వేసవిలో ఇండియా నుంచి అమ్మానాన్నలు వచ్చారు. భార్యాభర్తలు 310, పెద్దవాళ్లిద్దరు 280, పిల్లలిద్దరు 160, మొత్తం 750. తిండి, బ్యాగులు, కుర్చీలు 120. హిచ్ సామాను 50. టంగ్ వెయిట్ 444. అన్నీ కలిపితే 1,364.

లాగే సామర్థ్యంలో ఇంకా 560 పౌండ్లు మిగిలి ఉండగానే బండి తన మోత హద్దు దాటేసింది. బయటికి కనిపించే గుర్తులు చిన్నవే: వెనక భాగం కుంగుతుంది, ముందు చక్రాల మీద పట్టు తగ్గి స్టీరింగ్ తేలికవుతుంది, రాత్రిపూట హెడ్‌లైట్లు ఎదుటివాళ్ల కళ్లలో పడతాయి. కొన్ని కంపెనీల ఓనర్స్ మాన్యువల్‌లో ఎక్కే మనుషుల సంఖ్య పెరిగేకొద్దీ లాగదగిన బరువు ఎలా తగ్గాలో పట్టికే ఉంటుంది. దాన్ని తిప్పి చూసేవాళ్లు తక్కువ. మనుషుల్లో ఇద్దరు ముగ్గురు రెండో కారులో వస్తే ఈ లెక్క సర్దుకుంటుందన్నది నిజమే, ప్రతిసారీ రెండు కార్లు తీసుకెళ్లే ఓపిక ఉంటే.

వీటితో పాటు బండి, ట్రైలర్, అందులో ఉన్నవన్నీ కలిపిన మొత్తానికి మూడో హద్దు కూడా ఉంటుంది. ఎత్తైన ప్రాంతాల్లో గాలి పలచబడి ఇంజిన్ శక్తి తగ్గుతుంది కాబట్టి ప్రతి వెయ్యి అడుగులకు ఈ మొత్తాన్ని 2 శాతం తగ్గించుకోమని ఫోర్డ్ లాంటి కంపెనీలు చెబుతాయి. టెక్సస్‌లో ఇది పెద్ద విషయం కాదు, కొలరాడోలో అవుతుంది.

టంగ్ వెయిట్ తగ్గితే ఊగుడు

టంగ్ వెయిట్ అంత బరువైతే తగ్గించేస్తే పోలేదా అనిపిస్తుంది. ఎడ్లబండి తోలినవాళ్లకు జవాబు తెలుసు. ముందు బరువెక్కువైతే కాడి ఎద్దుల మెడలు నొక్కేస్తుంది, వెనక బరువెక్కువైతే కాడి పైకి లేస్తుంది. ట్రైలర్‌లో రెండోది ఎక్కువ ప్రమాదం. ముందు కొన తేలికైన ట్రైలర్ ఒక వేగం దాటాక పాములా ఊగడం మొదలుపెడుతుంది. పక్కనుంచి పెద్ద ట్రక్కు దాటిపోయినప్పటి గాలి తోపు చాలు. తక్కువ వేగంలో ఆ ఊపు దానంతట అదే చచ్చిపోతుంది. వేగం హద్దు దాటితే ప్రతి ఊపూ ముందుదాని కంటే పెద్దదై బండిని కూడా లాక్కుపోతుంది.

మామూలు ట్రైలర్లకు టంగ్ వెయిట్ మొత్తం బరువులో 10 నుంచి 15 శాతం ఉండాలంటారు. బోటు ట్రైలర్లకు చాలామంది తయారీదారులు 5 నుంచి 10 శాతం దాకా ఒప్పుకుంటారు. బోటులో ఇంజిన్ వెనకే ఉంటుంది కాబట్టి కాస్త సర్దుబాటు కావాలి. ఈ శాతాన్ని మార్చాలంటే బోటు ముక్కును పట్టి ఉంచే విన్చ్ స్టాండ్‌ను ముందుకో వెనక్కో జరుపుతారు, లేదా ఇరుసునే జరుపుతారు.

ఎవరూ పట్టించుకోని విషయం ఒకటుంది. బోటు అడుగున నిలిచిన నీళ్లు. గ్యాలన్ నీళ్లు 8.3 పౌండ్లు. కవర్ లేకుండా వానలో ఉన్న బోటులో 50 గ్యాలన్లు చేరితే 400 పౌండ్ల పైమాటే. ట్రైలర్ ముందు భాగం ఎత్తుగా ఉంటే అవన్నీ వెనక్కి పారి టంగ్ వెయిట్‌ను తినేస్తాయి. నిరుడు నిలకడగా వచ్చిన బోటు ఈ ఏడు ఊగుతోందంటే ముందు చూడాల్సింది అడుగు నీళ్లు బయటికి వదిలే బిరడా, డ్రెయిన్ ప్లగ్.

ఊగుడు మొదలైతే బ్రేకు గట్టిగా తొక్కకూడదు. స్టీరింగ్ తిప్పి సరిచేయబోకూడదు. యాక్సిలరేటర్ వదిలేసి వేగం దానంతట అదే తగ్గనివ్వాలి. క్యాంపర్ లాగేవాళ్లకు ఎలక్ట్రిక్ బ్రేకులుంటాయి, డాష్‌బోర్డు దగ్గరి మీటతో ట్రైలర్ బ్రేకు ఒక్కటే వేసి ఊగుడును అణచగలరు. చాలా బోటు ట్రైలర్లకు ఆ వీలు లేదు.

నీళ్లలో మునిగే బ్రేకులు

బోటు ట్రైలర్ ప్రతిసారీ చక్రాల దాకా నీళ్లలో మునుగుతుంది. అందుకే వాటికి సర్జ్ బ్రేకులు పెడతారు. ముందున్న బండి వేగం తగ్గగానే ట్రైలర్ ముందుకు తోసుకొస్తుంది. ఆ తోపుకు కప్లర్ (హిచ్‌కు తగిలే ట్రైలర్ ముందు కొన) కొంచెం లోపలికి జారి హైడ్రాలిక్ సిలిండర్‌ను నొక్కుతుంది, బ్రేకు పడుతుంది. బ్రేకు పడటానికి వైరు అవసరం లేదు, కంట్రోలర్ అవసరం లేదు. పెద్ద దిగుడులో తోపు ఆగదు కాబట్టి బ్రేకులు రాసుకుంటూనే ఉంటాయి. అక్కడ చిన్న గేరులో దిగడమే మార్గం.

ఈ ఏర్పాటుతో ఒక చిన్న తలనొప్పి ఉంది. రివర్స్‌లో తోసినా కప్లర్ నొక్కుకుని బ్రేకు పడిపోతుంది. అది పడకుండా చూసే సోలెనాయిడ్‌కు (కరెంటుతో పనిచేసే చిన్న వాల్వ్) రివర్స్ లైటు నుంచి కరెంటు వెళ్లాలి, దానికి అయిదు పిన్నుల కనెక్టర్ కావాలి. చాలా ఎస్‌యూవీలకు బిగించేది నాలుగు పిన్నులది. దాంతో ట్రైలర్ లైట్లన్నీ బాగానే వెలుగుతాయి, బోటును నీళ్లలోకి దించే వాలు దారి, అంటే ర్యాంప్, దగ్గర మాత్రం వెనక్కి కదలనని మొండికేస్తుంది. వెనక పది బళ్లు వరసలో ఉన్నప్పుడు ఇది తెలిస్తే టెన్షన్ మామూలుగా ఉండదు.

బ్రేకులు ఎప్పుడు తప్పనిసరి అన్నది రాష్ట్రాన్ని బట్టి మారుతుంది. ట్రైలర్ మొత్తం బరువు కాలిఫోర్నియాలో 1,500 పౌండ్లు, జార్జియాలో 3,000 పౌండ్లు చేరితే ఉండాలి, టెక్సస్‌లో 4,500 దాటితే ఉండాలి. మన ఉదాహరణలోని 4,440 పౌండ్ల బోటు టెక్సస్ హద్దుకు వెంట్రుకవాసి లోపల ఉంది. చట్టం ఒప్పుకుంది కదా అని రెండు టన్నుల బరువును బండి బ్రేకులతోనే ఆపాలనుకోవడం తెలివైన పొదుపు కాదు. వేగం 60 నుంచి 70 మైళ్లకు పెరిగితే ఆపాల్సిన శక్తి 36 శాతం పెరుగుతుంది. కాలిఫోర్నియాలో ట్రైలర్ లాగే బళ్లకు వేగ పరిమితి 55 మైళ్లే.

ట్రైలర్ ఎంపికలో చూడాల్సినవి

ప్రతి ట్రైలర్ ముందు భాగంలో ఒక ప్లేటు ఉంటుంది. అందులో రాసిన మొత్తం బరువులోంచి ట్రైలర్ సొంత బరువు తీసేస్తే మిగిలేదే బోటుకు దక్కే వాటా. సింగిల్ ఇరుసు ట్రైలర్లలో ఎక్కువగా కనిపించేది 3,500 పౌండ్ల ఇరుసు. మన 4,440లో టంగ్ వెయిట్ పోగా ఇరుసు మీద సుమారు 4,000 పడుతుంది. అంటే అది చాలదు. రెండు ఇరుసుల ట్రైలర్ కావాలి, లేదా కనీసం 5,000 పౌండ్ల ఇరుసు. రెండు ఇరుసులుంటే టైరు పేలినా అదుపు తప్పే ప్రమాదం తక్కువ. కాకపోతే నాలుగు టైర్లు, ఎక్కువ బేరింగులు, గరాజ్‌లో చేత్తో తిప్పడం కష్టం.

టైర్ల మీద ఎస్టీ (ST) అని ఉండాలి, అంటే ట్రైలర్ కోసమే చేసినవి. ఇవి అరిగిపోవడం కంటే ఎండకు పగిలి పాడవడమే ఎక్కువ. టైరు పక్కన డాట్ కోడ్ చివరి నాలుగు అంకెలు చూస్తే వయసు తెలుస్తుంది. 2319 అంటే 2019లో 23వ వారం. గాడులు కొత్తగా కనిపించినా అయిదారేళ్లు దాటిన టైరును నమ్మకూడదు.

బేరింగుల సంగతి కొంచెం వివరంగా చెప్పాలి, ఎందుకంటే రోడ్డు పక్కన ఆగిపోయే బోటు ట్రైలర్లలో చాలావాటికి కారణం ఇదే. గంట ప్రయాణం తర్వాత చక్రం మధ్యలో బేరింగులుండే హబ్ వేడిగా ఉంటుంది. దాన్ని నేరుగా చల్లటి నీళ్లలో దింపితే లోపలి గాలి ముడుచుకుపోయి సీలు గుండా నీటిని లోపలికి పీల్చుతుంది. గ్రీజు పాలలా తెల్లబడి పట్టు కోల్పోతుంది. తర్వాత ఎప్పుడో ఫ్రీవే మీద బేరింగ్ పట్టేస్తుంది, చక్రం ఊడి పోవడమూ ఉంది. స్ప్రింగు ఒత్తిడితో గ్రీజును లోపలికి నెట్టే మూతలు దీన్ని చాలావరకు ఆపుతాయి. ర్యాంప్ దగ్గర తాళ్లు సర్దుకుంటూ కొంతసేపు హబ్‌ను చల్లారనివ్వడం ఇంకా మంచిది. దారిలో ఆగినప్పుడు నాలుగు హబ్‌లూ చేత్తో తాకి చూస్తే, మిగతావాటి కంటే ఒకటి బాగా కాలుతుంటే జబ్బు దానికే.

గాల్వెస్టన్ లాంటి ఉప్పునీటికి వెళ్లే ఆలోచన ఉంటే గాల్వనైజ్డ్ లేదా అల్యూమినియం ఫ్రేమ్ తీసుకోవాలి. సరస్సులకే అయితే రంగు వేసిన స్టీలు చాలు.

ర్యాంప్ మీద పరీక్ష

చాలామంది హైవే గురించే ఆలోచిస్తారు, బండి లోపం బయటపడేది ర్యాంప్ మీద. బోటు ర్యాంపులు మామూలుగా 12 నుంచి 15 శాతం వాలులో కడతారు. బోటును ఎక్కించుకుని పైకి వచ్చేటప్పుడు వాలు వల్ల బరువు వెనక చక్రాల మీదికి జారుతుంది. టంగ్ వెయిట్ దానికి తోడై ముందు చక్రాలను ఇంకా తేలిక చేస్తుంది. లాగే చక్రాలు ముందువైపే ఉన్న మినీవ్యాన్‌కు ఇది రెండువిధాలా నష్టం. తడి కాంక్రీటు మీద టైర్లు గిర్రున తిరుగుతాయి, బండి కదలదు. రేటింగ్ ఒకటే అయినా ఈ పనికి ఆల్ వీల్ డ్రైవ్ ఉన్న బండే మేలు.

ఏ బోటుకు ఏ బండి

సీఆర్-వీ, రావ్4 లాంటి చిన్న ఎస్‌యూవీలు చిన్న అల్యూమినియం చేపల పడవకో, ఒక్క జెట్‌స్కీకో సరిపోతాయి. గ్యాస్‌తో నడిచే సీఆర్-వీ రేటింగ్ 1,500 పౌండ్లు. రెండు జెట్‌స్కీలు ట్రైలర్‌తో కలిపి 2,000 దాటతాయి. సియెనా, ఒడిస్సీ, హైబ్రిడ్ హైలాండర్, టో ప్యాకేజీ ఉన్న మోడల్ వై 3,500 దగ్గర ఆగుతాయి. హైలాండర్‌లోనే గ్యాస్ రకానికి 5,000. పేరు ఒకటే కదా అని హైబ్రిడ్ కొన్నవాళ్లు ఇక్కడే పప్పులో కాలేస్తారు. మన 20 అడుగుల బౌరైడర్‌కు 5,000 రేటింగ్ కాగితం మీద చాలు, నిండు కుటుంబంతో కష్టం. టాహో, ఎఫ్-150 తరగతి బండి అయితే నిశ్చింత. వెనక పెద్ద అలలు లేపే బరువైన వేక్‌సర్ఫ్ బోట్లు ట్రైలర్‌తో 7,000 పౌండ్లు దాటతాయి కాబట్టి వాటికి వేరే దారే లేదు. గొట్టాల మీద తేలే పాంటూన్ బోటు బరువు అంతగా లేకపోయినా ఎత్తుగా, గాలికి అడ్డంగా ఉంటుంది. మాన్యువల్‌లో ట్రైలర్ ముఖభాగం వైశాల్యానికి హద్దు ఉందేమో చూడాలి.

ఎలక్ట్రిక్ బళ్లకు ర్యాంప్ మీద తిరుగులేదు, చిక్కల్లా దూరంతోనే. బోటు తగిలిస్తే రేంజ్ ఇంచుమించు సగానికి పడిపోవచ్చు. పైగా చాలా ఛార్జింగ్ స్టేషన్లలో ట్రైలర్ విప్పితే గానీ బండి పట్టదు. పాతిక మైళ్ల దూరంలోని సరస్సుకు ఇదేం లెక్కలోది కాదు.

యూరప్‌లో ఉన్న తెలుగువాళ్లు అమెరికా అంకెలు చూసి అయోమయపడటానికి కారణం ఉంది. టెస్లా మోడల్ 3కి అమెరికాలో లాగే రేటింగే లేదు, యూరప్‌లో 1,000 కిలోలు. అక్కడ ముందు కొన బరువు తక్కువగా ఉంచుతారు, వేగమూ తక్కువ. జర్మనీలో ట్రైలర్‌కు మామూలుగా గంటకు 80 కిలోమీటర్లు, బ్రిటన్ మోటార్‌వేల మీద 60 మైళ్లు. బ్రిటన్‌లో 1997 తర్వాత లైసెన్సు తీసుకున్నవాళ్లు కూడా 2021 డిసెంబర్ నుంచి వేరే పరీక్ష లేకుండా 3,500 కిలోల ట్రైలర్ దాకా లాగొచ్చు.

ఇంత లెక్క చూశాక బండి మార్చడం దండగ అనిపించేవాళ్లకు ఇంకో దారి ఉంది. ఎప్పుడూ ఒకే సరస్సుకు వెళ్లేవాళ్లు మరీనాలో స్లిప్, అంటే బోటును నీళ్లలోనే కట్టి ఉంచే చోటు, అద్దెకు తీసుకోవచ్చు. గోడౌన్ లాంటి షెడ్లలో బోట్లను అరల్లో పెట్టి, ఫోన్ చేస్తే ఫోర్క్‌లిఫ్ట్‌తో నీళ్లలో దించిపెట్టే డ్రై స్టాక్ సదుపాయం కూడా కొన్నిచోట్ల ఉంది. నెలనెలా అద్దె తప్పదు. ఆ అద్దెను కొత్త ట్రక్కు నెలవాయిదా, ఇన్సూరెన్స్, దాని గ్యాస్ ఖర్చు పక్కన పెట్టి చూస్తే, ఏడాదికి నాలుగు నెలలే బోటు దించే కుటుంబానికి చాలాసార్లు అద్దే చవక పడుతుంది. ఇంట్లో ఉన్న ఒడిస్సీ అలాగే ఉంటుంది.